కంకర దారి, కాలి నడక: డెర్వ్లా మర్ఫీ యాత్రా రచనపై ఒక పరిశీలన

యాత్రా గ్రంథానికి విలువ కట్టేటప్పుడు రచయిత ఎన్ని మైళ్ళు తిరిగాడన్నది ముఖ్యం కాదు. దారి కష్టమైన చోట వాక్యం ఏమయిందో చూడాలి. ఐరిష్ రచయిత్రి డెర్వ్లా మర్ఫీ (1931–2022) రాసిన 'ఫుల్ టిల్ట్' ఈ పరీక్షకు నిలిచే పుస్తకం. 1963 జనవరిలో ఆమె ఒంటరిగా సైకిలు మీద ఐర్లండులో బయలుదేరి, ఐరోపా, టర్కీ, ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా ఆ ఏడు జూలైలో ఢిల్లీ చేరింది. పుస్తకం 1965లో వెలువడింది.

పదవ పుట్టినరోజుకు సైకిలు, అట్లాసు కానుకగా వచ్చినప్పుడే ఆమె ఇండియా దాకా తొక్కాలని నిశ్చయించుకుందట. అది నెరవేరడానికి ఇరవై ఏళ్ళు పైనే పట్టింది. పద్నాలుగో ఏట బడి మానేసి, కీళ్ళవాతంతో కదలలేని తల్లికి సేవ చేస్తూ ఉండిపోయింది. 1962లో తల్లి పోయాక గాని ఇంత సుదీర్ఘ యాత్రకు వీలు చిక్కలేదు. ఈ వివరాలు 1979లో వచ్చిన ఆత్మకథ 'వీల్స్ వితిన్ వీల్స్' లో ఉన్నాయి. అవి తెలిసి చదివితే 'ఫుల్ టిల్ట్' లోని ఉల్లాసం సాహసికుల గొప్పలా కనిపించదు. చాలాకాలం నాలుగు గోడల మధ్య ఉన్న మనిషి గాలి పీల్చుకున్నట్టు ఉంటుంది.

ఈ గ్రంథంలో ఉత్తమ భాగం బాబూసర్ కనుమ దాటిన ఘట్టం. సింధునది ఒడ్డున ఎండకు మాడే చిలాస్ నుంచి 4,173 మీటర్ల ఎత్తున్న కనుమకు సుమారు 40 కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలోనే దాదాపు 2,900 మీటర్లు ఎక్కాలి. అంటే సగటున ప్రతి వంద అడుగులకు ఏడడుగుల ఎత్తు. ఇప్పుడు తారు వేశారు గాని, కారకోరం రహదారి రాకముందు గిల్గిత్‌కు జీపులు పోయే దారి ఇదే. అదీ వేసవి నెలల్లోనే. వదులు కంకర మీద లేచి నిలబడి తొక్కితే వెనుక చక్రం జారుతుంది. కూర్చుని తొక్కితే కాళ్ళలో బలం చాలదు. పై ఎత్తుల్లో ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే అరవై వంతులే. పైగా ఆసియా రోడ్ల మీద నిలవవని ఆమె గేర్లు ముందే తీసేయించింది. కనుక 'రోజ్' అని ముద్దుగా పిలుచుకున్న ఆ సైకిలును ఎక్కువ భాగం తోసుకుంటూ, మంచు అడ్డం వచ్చిన చోట మోసుకుంటూ పోయింది.

ఇక్కడే రచన మారుతుంది. మైదానంలో దేశాల మీద, జాతుల మీద చకచకా తీర్పులు చెప్పిన కలం కొండ ఎక్కేసరికి రాయిని, నీటిని, తన అలసటను మాత్రమే చెబుతుంది. నడక వేగానికి దిగివచ్చిన చూపుకు తీర్పులతో పని లేదు. ఊళ్ళోని మిత్రులకు పంపిన దినచర్యను పెద్దగా చెక్కకుండా అచ్చు వేయడం వల్ల ఈ తేడా కప్పబడలేదు. అది గ్రంథానికి మేలే చేసింది.

లోపం మరోచోట ఉంది. ఆ లోయల భాషలు ఆమెకు రావు. చిలాస్ వైపు షీనా, కాగాన్ వైపు హింద్కో, గూజరీ. ఇంగ్లీషు వచ్చిన అధికారులు, చదువుకున్నవారు పుస్తకంలో నోరారా మాట్లాడతారు. పాలిచ్చి, పడక చూపిన పల్లెవాళ్ళు చిరునవ్వులతో సరిపెట్టుకుంటారు. నాగరికత వచ్చి ఈ లోయలను చెడగొడుతుందని రచయిత్రి పదేపదే బెంగపడుతుంది. దారి పడితే ఉప్పు, వైద్యుడు, బడి కూడా వస్తాయని ఆ పల్లెవాడు అనివుండవచ్చు, అనకపోయి ఉండవచ్చు. అడిగే మాట ఆమె దగ్గర లేదు. కోరాపుట్, రాయగడ కొండల నడుమ బతుకుతున్న మన పాఠకులకు ఇది చిన్న విషయంగా తోచదు. తన మాట ఎదుటివాడికి అందని చోట మనిషి ఎంత సులువుగా దృశ్యంగా మారిపోతాడో భాషాల్పసంఖ్యాకులకు విడమరిచి చెప్పనక్కరలేదు.

మద్రాసు తెలుగువాడు ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర' ఇక్కడ గుర్తుకు వస్తుంది. 1830–31లో చేసిన ఆ యాత్ర కూడా మిత్రుడికి రాసిన ఉత్తరాల రూపంలోనే మనకు దక్కింది. ఆయనది పల్లకీ ప్రయాణం, వెంట పెద్ద పరివారం. కష్టం బోయీల భుజాలది. ఆ విషయంలో మర్ఫీదే పైచేయి. తన బరువు తానే మోసింది. అయితే వీరాస్వామి వృత్తి సుప్రీంకోర్టులో దుబాసీ పని. ప్రతి మజిలీలో ఏ సామాను దొరుకుతుంది, దారి ఎలాంటిది, జనం ఎవరు అని విచారించి రాయడం ఆయనకు అలవాటు. ఆయన విచారణ, ఈమె నడక ఒకచోట కలిసిన యాత్రా గ్రంథం ఇంకా కావాలి.

నేటి మన యాత్రా రచనల్లో చాలావాటికి ఈ రెండూ కొరవడుతున్నాయి. కారు దిగి, చూసి, మళ్ళీ ఎక్కిన జాడే తప్ప దారి కనిపించదు. ఇంగ్లీషు చదవగలిగిన యువ రచయితలు 'ఫుల్ టిల్ట్' లోని ఉత్తర పాకిస్తాన్ అధ్యాయాలైనా చదవాలి. ఆఫ్ఘనిస్తాన్ పొగడ్తలను కాస్త జాగ్రత్తగా చదవాలి. బాబూసర్ ఎక్కుడును మాత్రం నిదానంగా, రెండుసార్లు చదవాలి.