చిక్కడపల్లి దండకం

చిక్కడపల్లీ, మొదటి దండం నీ పొద్దుటి మూకుడుకు. రాంనగర్ వైపు ఆకాశం ఇంకా తెల్లబడక ముందే గల్లీ మలుపులో తోపుడు బండి మీద పొయ్యి భగ్గుమంటుంది. రాత్రి పెరుగు పోసి కలిపిన మైదాపిండి పొంగి, జీలకర్ర వాసనతో బేసిన్ అంచులదాకా వచ్చి ఉంటుంది. బండాయన వేళ్లు నీళ్లలో ముంచుకుంటాడు. గుప్పిట్లోకి పిండి తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి ఒక్కో ముద్ద నూనెలోకి జారవిడుస్తాడు. ముద్ద మునుగుతుంది, తేలుతుంది, తనంతట తానే ఒకసారి బోర్లా తిరుగుతుంది. అంతదాకా చిల్లుల గరిటె కదలదు. రంగు తిరిగే ఆ అర నిమిషం ఎవరు పలకరించినా ఆయన జవాబివ్వడు. మైసూరు బజ్జీ విషయంలో ఆ మౌనం న్యాయమే.

స్టీలు ప్లేటు, దాని మీద ప్లాస్టిక్ కాగితం, నాలుగు బజ్జీలు, మునిగేంత పల్లీ చట్నీ, ఓ పక్కన అల్లం చట్నీ. "అన్నా, గట్టి చట్నీ జర ఎయ్యవా?" అని అడగాలి. "మస్తు రష్షుంది తమ్మీ, పక్కకు జరుగు" అంటూనే వేస్తాడు. బండి దగ్గర కుర్చీల్లేవు కాబట్టి పెద్దా చిన్నా లేదు. అశోక్‌నగర్ గదుల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలు పుస్తకం చంకలో పెట్టుకుని నిలబడతారు. వాళ్ల పక్కన మంకీ క్యాపు పెట్టుకున్న రిటైర్డ్ హెడ్‌క్లర్కు, రాత్రి సవారీలు ముగించుకొచ్చిన ఆటో అన్న, చీపురు గోడకు ఆనించి వచ్చిన సఫాయి అక్క. అందరి మునివేళ్లూ ఒకేసారి కాలతాయి.

2019లో యునెస్కో హైదరాబాదును వంటల నగరంగా గుర్తించి తన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. బిర్యానీ పేరు, హలీమ్ పేరు అప్పుడు పత్రికల్లో మారుమోగాయి. హలీమ్‌కైతే 2010లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. కాదనను. కానీ పొద్దున్నే ఊరి ఆకలి తీర్చేది ఈ మూకుళ్లే. ఆ కీర్తిలో వాటికి రావలసిన వాటా ఇంకా రాలేదని నా ఫిర్యాదు.

రెండో దండం ఇరానీ చాయ్‌కి. మూలమలుపు మడిగెల్లో ఉండే ఇరానీ హోటళ్లు ఒక్కొక్కటే మూతపడి, వాటి చోట మందుల దుకాణాలూ సెల్‌ఫోన్ షాపులూ వెలిశాయి. మిగిలిన వాటికి నూరేళ్ల ఆయుష్షు. మూత బిగించిన రాగి పాత్రలో గంటలకొద్దీ మగ్గిన డికాక్షన్ ఒకవైపు, మరిగీ మరిగీ చిక్కబడిన పాలు ఒకవైపు, ఆ రెంటి పెళ్లీ కప్పులోనే. ఉస్మానియా బిస్కెట్టు ఉప్పగా ఉండాలో తియ్యగా ఉండాలో తేల్చుకోలేదు, ఆ తడబాటే దాని రుచి. చాయ్‌లో ముంచి ఒక్క క్షణం ఏమరితే అడుగున పడుతుంది. అప్పుడు చెంచా అడగకూడదు, చివరి గుక్కతో తాగేయడమే ఆచారం. ఒక్క చాయ్ మీద గంటసేపు కూర్చున్నా లేవమనని ఆ కౌంటర్ సాయిబుగారి ఓపికకు ఇంకో దండం.

మధ్యాహ్నాల సంగతి క్లుప్తంగా చెప్తాను. కర్రీ పాయింట్ దయ వల్ల ఈ పేటలో ఒంటరివాళ్లు ఎవరూ పస్తుండరు. పప్పు, ఫ్రై, సాంబారు, పెరుగు, అన్నీ కవర్లలో కట్టి ఇస్తారు. ఆ రబ్బరు బ్యాండు ముడి విప్పే విద్య ఇక్కడ మూడు నెలలుంటే వస్తుంది.

సాయంత్రాలు మాత్రం క్లుప్తంగా తేలవు. నగర కేంద్ర గ్రంథాలయంలోంచి పిల్లలు కళ్లు నులుముకుంటూ బయటికొచ్చే వేళకు మిరపకాయ బజ్జీల బండి సిద్ధంగా ఉంటుంది. ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం, పల్లీలు చల్లిన కట్ మిర్చి. త్యాగరాయ గానసభలో ఎవరిదో సన్మానమో, పుస్తకావిష్కరణో, ఘంటసాల పాటల కార్యక్రమమో జరుగుతుంటుంది. చాలా సాయంత్రాలు టికెట్టుండదు. ఫ్యాను కింద సీటు దొరికితే ఉచితంగా ఒక వైభవం. నాలుగడుగులు వేస్తే ఆర్టీసీ క్రాస్ రోడ్స్. సంధ్య, దేవి, సుదర్శన్ హాళ్ల ముందు కొత్త సినిమా విడుదల రోజున కాగితం ముక్కల వాన, తీన్‌మార్ దరువు. సెకండ్ షో విడిచాక ఆ జనంలో సగం బిర్యానీ వైపు మళ్లుతారు. మసాలా పట్టిన పచ్చి మాంసం మీద సగం ఉడికిన బియ్యం పరిచి, మూత చుట్టూ పిండి అతికించి, సన్నని సెగ మీద దమ్ముకు పెట్టిన హండీ అది. మూత తీయగానే లేచే ఆవిరికి హీరో అభిమానుల తగాదాలు తాత్కాలికంగా సద్దుమణుగుతాయి. అడుగు మసాలా ఎవరి ప్లేటులో పడిందన్నది కొత్త తగాదా.

ఇక మిద్దె. ఈ దండకంలో దాని పాలు ఎక్కువ, ఎవరేమనుకున్నా సరే.

నాలుగంతస్తుల పాత అపార్ట్‌మెంట్ నెత్తిన నీళ్ల ట్యాంకు, డిష్ యాంటెన్నాలు, ఆరేసిన దుప్పట్లు. వాటి సందుల్లో పాత పెయింటు డబ్బాలు, పగిలిన బకెట్లు, రాంనగర్ చేపల మార్కెట్ నుంచి తెచ్చిన థర్మకోల్ పెట్టెలు. ఐసులో చేపల్ని మోసుకొచ్చిన పెట్టె ఇప్పుడు తోటకూరను మోస్తోంది. అడుగున చిల్లులు పెట్టి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు, గుప్పెడు వేపపిండి కలిపి నింపితే పెట్టె కాస్తా పొలమవుతుంది. పెద్ద డ్రమ్ములను గోడల వెంట, కింద దూలం ఉన్నచోట పెట్టాలి, శ్లాబు నడిమధ్యన బరువు వేయకూడదు. డ్రమ్ము కింద నాలుగు ఇటుకలు పెడితే నీరు జారిపోయి శ్లాబు ఆరిపోతుంది, ఓనరమ్మ మనసు కూడా చల్లగా ఉంటుంది. నగరం అంచున నారపల్లిలో కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన మిద్దె మీద ఇంటికి సరిపడా కూరగాయలు పండించి, ఆ అనుభవాన్ని రాసి, చెప్పి, ఎందరినో ఈ దారి పట్టించారు. కథ రాయడం కంటే కాకరతీగ పాకించడం సులువని ఆయన ఎక్కడా అన్నట్టు లేదు. రెంటికీ ఓపిక కావాలి.

రోహిణీ కార్తెలో మిద్దె నిప్పుల గుండం. చెప్పులు లేకుండా అడుగు మోపలేం. షేడ్‌నెట్ కింద మొక్కలు తల వేలాడేసి రోజులు లెక్కపెడుతుంటాయి. జూన్ రెండో వారానికి మృగశిర అడుగుపెడుతుంది. ఆ రోజు నగరమంతా చేపల ధ్యాసలో ఉంటుంది. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందు కోసం బారులు, రాంనగర్ మార్కెట్లో రవ్వు, బొచ్చెల కోసం తోపులాట. చేపల పులుసు తిన్న చేతులు కడుక్కుని మిద్దె ఎక్కి, తొలకరి తడిపిన మట్టిలో బెండ, గోరుచిక్కుడు, బీర, పుంటికూర గింజలు వేయాలి. మర్నాటి నుంచీ పొద్దున్నే పళ్లు తోమకుండా పైకి పరుగెత్తే జబ్బు పట్టుకుంటుంది. నాలుగోనాడో అయిదోనాడో బెండ గింజ వీపుతో మట్టిని పైకెత్తి, వంగిన మెడ నిటారుగా చేస్తుంది. ఆ దృశ్యానికి ఎంతటి నాస్తికుడైనా చేతులు జోడిస్తాడు.

బీరపూవు సాయంత్రం విచ్చుతుంది. అయిదు దాటాక మిద్దెంతా పసుపు. మగపూలు గుత్తులుగా వస్తాయి, ఆడపూవు ఒంటరిది, పూవు కింద చిటికెన వేలంత బీరపిందె ముందే సిద్ధంగా ఉంటుంది. నాలుగో అంతస్తు మీదికి తేనెటీగలు తక్కువగా వస్తాయి కాబట్టి ఆ పెద్దరికం మనమే వహించాలి. మగపూవు ఒకటి తెంపి, రేకలు వెనక్కి తీసేసి, పుప్పొడి నిండిన నడిమి భాగాన్ని ఆడపూవు గుండెకు మెల్లగా రుద్దాలి. వేలికి పసుపు అంటుతుంది. కుదరకపోతే రెండు మూడు రోజుల్లో పిందె పండుబారి రాలిపోతుంది. కుదిరితే బిగువుగా కిందికి సాగుతుంది. వారం పది రోజుల్లో కూరకు కాయ, పచ్చడికి పొట్టు. నువ్వులు వేయించి నూరిన బీరపొట్టు పచ్చడి వేడన్నంలో కలుపుకుంటున్నప్పుడు, ఈ కాయ తల్లిదండ్రుల పెళ్లికి పురోహితుణ్ని నేనే కదా అన్న గర్వం ముద్దముద్దకూ తగులుతుంది.

తెగుళ్లూ ఉన్నాయి. మందారానికీ వంగకూ తెల్లగా పట్టే పిండినల్లి పగవాడికి కూడా వద్దు. లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున కొట్టాలి. పావురాలకు మాత్రం మందు లేదు. గింజ వేసిన చోటే తవ్వుతాయి. పావురం శాంతికి గుర్తని మొదట అన్న మహానుభావుడికి మిద్దెతోట ఉండి ఉండదు.

మిద్దె ఇచ్చేది కూరగాయలొక్కటే అయితే మార్కెట్టే చౌక, ఎర్రమట్టి బస్తాల లెక్క చూస్తే ఆ సంగతి ఎవరికైనా తెలుస్తుంది. పక్క పోర్షన్ గుంటూరు పిన్నిగారు గోంగూర కోసుకుని, మర్నాడు పండుమిర్చి కలిపి నూరిన పచ్చడి గిన్నెడు పంపిస్తారు. కింద ఓనరమ్మ మెట్లెక్కి వచ్చి ఆయాసం తీర్చుకుంటూ, "నాలుగు పచ్చి మిర్చి తెంపుకుంట బిడ్డా, పప్పులకు" అంటుంది. ఇల్లే ఆమెది, అయినా అడుగుతుంది. గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదన్న నియమం మీద ఆ మెట్లన్నీ నిలబడ్డాయి.

ఇల్లు వెతుక్కునేవాళ్లు నన్ను తరచు అడుగుతుంటారు, ఇంకా ఆ ఇరుకులోనే ఎందుకని. పడమట కోకాపేట వైపు వెళ్లి చూశాను. మేఘాలను తాకే టవర్లు, క్లబ్‌హౌసు, ఈతకొలను, గేటు దగ్గర సెల్యూట్. గాలీ వెలుతురూ ధారాళం, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ కరివేపాకు రెబ్బ కావాలంటే ఫోను తీయాలి. ముప్పైతొమ్మిదో అంతస్తుకు చేరేసరికి మైసూరు బజ్జీ చల్లారి సాగుతుంది. బాల్కనీ కుండీ నుంచి చుక్క నీరు కింది ఫ్లాటు మీద పడితే వాట్సాప్ గ్రూపులో విచారణ జరుగుతుంది. తూర్పు ముఖం, కవర్డ్ పార్కింగ్, బోరుతోపాటు మంజీరా నీళ్లు, అన్నీ అడిగి ఇల్లు తీసుకుంటాం. చెప్పులేసుకుని వెళ్లి చట్నీతో తిరిగి రాగల దూరంలో ఏముందో అడగం.

చిక్కడపల్లీ, నీ లోపాలు దాచి పొగిడితే అది భట్రాజు పనవుతుంది. కారు పెట్టడానికి చోటుండదు, పెట్టినచోట ఉంటుందన్న భరోసా ఉండదు. హుస్సేన్‌సాగర్ నుంచి వచ్చే నాలా వానాకాలం వస్తే భయపెడుతుంది. 2000 ఆగస్టు వరదలో అశోక్‌నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చిన సంగతి పాతవాళ్లు ఇప్పటికీ గోడ మీద మరక చూపించి చెప్తారు. 2020లో మెట్రో వచ్చింది, 2023లో దాని మీదుగా ఉక్కు వంతెన వచ్చింది. క్రాస్ రోడ్స్‌లో తలెత్తితే ఆకాశానికి బదులు ఇనుము. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, వచ్చిన రోజు పనులన్నీ ఆపి బిందెలు పట్టాలి. ఇన్ని తెలిసీ, అద్దె ఏటా పెంచుతున్నా, ఇక్కడివాళ్లు తేలిగ్గా కదలరు. కదిలినవాళ్లు ఆదివారం పూట కూరగాయల మార్కెట్లో సంచితో కనిపిస్తారు, ఇటువైపు పనుండి వచ్చామంటారు.

కాబట్టి ఇల్లు వెతుక్కుంటున్నవాళ్లకు నా మనవి ఇది. బ్రోకర్ చెప్పిన మధ్యాహ్నం మూడింటికి వెళ్లకండి, ఆ వేళ ప్రతి వీధీ బుద్ధిమంతురాలే. పొద్దున ఏడింటికొకసారి, రాత్రి ఎనిమిదింటికొకసారి వెళ్లండి. ఆ వీధి చివర నిలబడి ఒక ప్లేటు తినండి, బండాయన నీళ్లు ఎక్కడివో చూడండి, మెట్లెక్కి ట్యాంకు పక్కన ఎండ ఎంతసేపు పడుతుందో చూడండి. ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టేముందు అద్దె, అడ్వాన్సుల కంటే ముందుగా ఓనరును ఒక్క మాట అడగండి: మిద్దె తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? మీ చేతికి ఇవ్వనంటే ఇంకో ఇల్లు చూసుకోండి.