మైకు ముందు మూడు నిముషాలు

మా ఊరి చర్చిలో ఆదివారం ప్రసంగానికి ముందు సాక్ష్యాలుంటాయి. ఎవరైనా లేచి వెళ్ళి, మైకు పట్టుకుని, దేవుడు తమకి చేసిన మేలు చెప్పొచ్చు. చెప్పేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ప్రసంగం మగవాళ్ళది, సాక్ష్యం ఆడవాళ్ళది అన్నట్టు ఎవరూ రాసిపెట్టని ఏర్పాటొకటి నడుస్తూ ఉంటుంది. చిన్నప్పటి నుంచి కొన్ని వందల సాక్ష్యాలు విని ఉంటాను. గర్భసంచి ఆపరేషన్లు, పాముకాట్లు, తాగుడు మానిన మొగుళ్ళు, తీరిన అప్పులు. తర్వాత నేను యూనివర్సిటీకి వెళ్ళి తెలుగు స్త్రీల ఆత్మకథల మీద పిహెచ్‌డి చేశాను. నా సిద్ధాంత గ్రంథంలో ఆ సాక్ష్యాల ఊసు లేదు. లేదన్న సంగతి నాకూ తట్టలేదు, మా గైడుకీ తట్టలేదు, వైవాలో ఎవరూ అడగనూ లేదు.

ముప్పై ఆరో ఏట నాకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్, ఎనిమిది కీమోలు, పదిహేను రేడియేషన్ సిట్టింగులు అయ్యాయి. ఇప్పుడు రోజుకొక టామాక్సిఫెన్ బిళ్ళ వేసుకుంటున్నాను. రేడియేషన్ అయిన నెలకి అమ్మ "వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పు తల్లీ" అంది. ఏం చెప్పాలో కాగితం మీద పెడదామని కూర్చున్నాను. అన్నాళ్ళూ సాహిత్యమే కాదనుకున్న ఆ ప్రక్రియ ఎంత గట్టిదో, ఎంత ఇరుకైనదో అప్పుడు అర్థమైంది.

దాని నడక అందరికీ తెలుసు. అందరికీ వందనాలు చెప్పాలి. జబ్బు చెప్పాలి. డాక్టర్లు చేతులెత్తేశారనాలి. ప్రార్థన చేశాం, ప్రభువు ముట్టాడు, స్తోత్రం. జబ్బు దాకా భాష మన ఇంటి భాషే. "గడ్డ అన్నారండి, నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదండి" అంటుంది ఆమె. ఆ తర్వాత ఉన్నట్టుండి బైబిలు తెలుగులోకి దాటిపోతుంది. శోధన, స్వస్థత, మహిమ, ఘనత. వందేళ్ళనాటి గ్రాంథికం. ఇంటి భాషకీ గ్రంథం భాషకీ మధ్య ఏడెనిమిది నెలలు మాయమవుతాయి. ఎర్రమందు ఎక్కించిన రోజు మూత్రం ఎర్రగా రావడం, రెండో వారం దాటాక దువ్వెన పెట్టగానే కుచ్చులుగా ఊడొచ్చిన జుట్టు, జాకెట్ హుక్కు పెట్టుకోలేనంతగా తిమ్మిరెక్కిన వేళ్ళు, తాకట్టుకెళ్ళిన గాజులు, ఏ రాత్రి మొగుడు అటు తిరిగి పడుకున్నాడో ఆ రాత్రి. ఇవేవీ సాక్ష్యంలో పట్టవు. రొమ్ము అనే మాట కూడా పలకరు, "ఛాతీలో గడ్డ" అంటారు. పరమగీతంలో మొహమాటం లేకుండా ఉన్న అవయవానికి మా మైకు ముందు పేరు లేదు!

ఇంతవరకూ రాసి ఊరుకుంటే స్త్రీవాద విమర్శకి తేలికే. మతం ఆడవాళ్ళ అనుభవాన్ని మింగేసిందని ఒక వాక్యంలో తేల్చేయొచ్చు. ఆ వాక్యం నేనే చాలాసార్లు రాశాను. కానీ బడి మెట్లెక్కని కూలి ఆడవాళ్ళు, అందులో ఎక్కువమంది దళిత స్త్రీలు, నలుగురు మగవాళ్ళ ముందు నిలబడి 'నేను' అని మొదలుపెట్టి తమ ఒంటి గురించి మాట్లాడేందుకు మా పల్లెల్లో ఇంకే మైకు దొరికింది? పండిత రమాబాయి 1907లో తన కథని సాక్ష్యమనే పేరుతోనే అచ్చువేసింది. ఆ రూపం తక్కువదేం కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల నోటిమాటలు విని 'మనకు తెలియని మన చరిత్ర'ని 1986లో తెచ్చుకున్నది మనమే. చెప్పేటప్పుడు ఎక్కడ ఆగింది, ఏది దాటేసింది అన్నది కూడా చదవాలని దాని నుంచే నేర్చుకున్నాం. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల సాహిత్యాన్ని 'నల్లపొద్దు' ఒకచోట చేర్చింది. ఆ చెవి చర్చి గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఎందుకు మూసుకుపోయింది? విశ్వాసం కనపడగానే దాన్ని అజ్ఞానమనుకుని, అక్కడ కథనం ఉందన్న సంగతే వదిలేశాం. నా మంచం పక్కన బైబిలు చూసి ఒక స్నేహితురాలు "నువ్వు కూడానా?" అంది. ప్రేమతోనే అంది. జవాబు చెప్పే ఓపిక ఆ రోజు లేదు.

ఇప్పుడు చెప్తాను. ఎర్రమందుని నర్సు నరంలోకి మెల్లగా ఎక్కించేటప్పుడు సండేస్కూల్లో కంఠస్థం చేసిన నూట ఇరవై ఒకటో కీర్తన లోపల చదువుకునేదాన్ని. ఎనిమిదే వచనాలు. అది మందుని గెలిపిస్తుందని కాదు, ఆ కాసేపట్లో పట్టుకోడానికి ఒకటుందని. ఇరవై ఒక్క రోజులకొకసారి కీమో అయి ఇంటికి రాగానే స్త్రీల కూడికలోని అక్కలు వంతులేసుకుని వచ్చేవాళ్ళు. ఒకామె రాగిజావ కాచేది, ఒకామె వాంతి బేసిను కడిగేది, ఒకామె రాత్రంతా నా పాదాలు పట్టుకుని మూలుగులాంటి ప్రార్థన చేసేది. నా పుస్తకాలు ఆ పని చెయ్యలేదు. చెయ్యాలని వాటిని అడగనూ లేదనుకోండి.

అయితే ఆ అక్కలే ఆదివారం మైకు ముందుకొచ్చేసరికి బేసిను సంగతి చెప్పరు. దేవుడొక్కడే కనిపిస్తాడు, వాళ్ళ చేతులు కనిపించవు.

దేవుణ్ణి తీసేసినంత మాత్రాన ఈ కథ మారిపోతుందని కూడా అనుకోను. ఏటా అక్టోబరులో పత్రికల స్త్రీల పేజీల్లో 'క్యాన్సర్‌ని జయించిన ధీర' వస్తుంది. ప్రార్థన ఉండేచోట మనోధైర్యం ఉంటుంది, అంతే తేడా. జబ్బుని యుద్ధంగా, మనసు చేసిన తప్పుగా చెప్పుకోవడంలో ఎంత హింస ఉందో సుసాన్ సోంటాగ్ 1978లోనే రాసింది. తనకీ రొమ్ము క్యాన్సర్ వచ్చిందన్న మాట మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా రాయలేదు. ఆడ్రి లార్డ్ 1980లో అచ్చయిన తన క్యాన్సర్ డైరీల్లో ఆ 'నేను'ని దాచలేదు. దూది రొమ్ము పెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వెళితే, నువ్విలా వస్తే ఇక్కడివాళ్ళ మనోధైర్యం దెబ్బతింటుందని నర్సు మందలించిన సంగతి అందులో ఉంది. చదివినప్పుడు నాకు మా చర్చే గుర్తొచ్చింది. అక్కడా ఇక్కడా గెలిచినట్టు కనబడాలి.

మరి గెలవనివాళ్ళు? కీమో గదిలో నా పక్క కుర్చీలో చీరాల వైపు నుంచి ఒకామె వచ్చేది. పెద్దమ్మా అనేదాన్ని. "పాపా, నీకు నోరు పూసిందా? మజ్జిగ పుక్కిలించు" అనేది. నాకంటే ఎక్కువ ప్రార్థన చేసేది, ఉపవాసాలుండొద్దని డాక్టరమ్మ తిడితే దాచిపెట్టి మరీ ఉండేది. నా అయిదో కీమోకి ఆ కుర్చీలో వేరేవాళ్ళున్నారు. ఆమె కోసం ఎవరు సాక్ష్యం చెప్పాలి? నేను బతకడం నా విశ్వాసానికి రుజువైతే ఆమె చావు దేనికి రుజువు? ఈ లెక్కని నేను ఒప్పుకోను. విశ్వాసిగానే ఒప్పుకోను.

నిజానికి గ్రంథం ఇంత ఇరుకైనది కాదు. అందులో విలాపవాక్యములు అనే పుస్తకమే ఉంది. ఎనభై ఎనిమిదో కీర్తన స్తోత్రంతో ముగియదు, చీకట్లోనే ఆగిపోతుంది. దాన్ని మా చర్చిలో చదవగా ఎప్పుడూ వినలేదు. యోబు భార్య ఒక్కసారి నోరు విప్పుతుంది. పదిమంది పిల్లల్ని పోగొట్టుకున్న ఆ తల్లి అన్న ఒక్క మాటకి అప్పట్నుంచీ తిట్టు తింటూనే ఉంది. చివర్లో కొత్తగా పుట్టిన ముగ్గురు కూతుళ్ళకి పేర్లున్నాయి, ఆమె ప్రస్తావన లేదు. మార్కు సువార్త అయిదో అధ్యాయంలో రక్తస్రావం గల స్త్రీ ఉంది. పన్నెండేళ్ళ జబ్బు, వైద్యులకి పెట్టిన డబ్బు, వాళ్ళ చేతుల్లో పడిన బాధ, అన్నీ ఉన్నాయి. మనం కోసేసే మధ్యభాగం అక్కడ ఉంది! పైగా ఆమె బాగయ్యాక కథ అయిపోదు. ఆయన ఆగి, ఎవరు ముట్టుకున్నారని అడిగితే ఆమె వణుకుతూ వచ్చి ఉన్నదంతా చెప్తుంది. అంతా విన్నాకే కుమారీ అని పిలుస్తాడు. మూడు నిముషాలయ్యాయని పాట ఎత్తుకోలేదు.

వైద్యానికీ విశ్వాసానికీ పోటీ పెట్టడం కూడా ఇక్కడ పాత ఆచారమేం కాదు. 1883లో గుంటూరుకొచ్చిన లూథరన్ మిషనరీ అన్నా కుగ్లర్ డాక్టరు. 1898లో ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆమె పెట్టిన ఆసుపత్రిలోనే మా అమ్మమ్మ కాన్పులయ్యాయి. అలాంటి జిల్లాలో సాక్ష్యం డాక్టర్లు చేతులెత్తేస్తే తప్ప నడవకపోవడం ఎప్పుడు మొదలైందో ఎవరైనా పరిశోధించాలి.

ఆ ఆదివారం నేను మైకు ముందుకెళ్ళి రొమ్ము అన్నాను. ఎర్రమందు, జుట్టు, రాగిజావ, బేసిను, పెద్దమ్మ, ఆమె చావు చెప్పాను. కోపంతో దేవుడితో మాట్లాడని రెండు వారాల గురించి మొదలుపెట్టేసరికి అయ్యగారు మెల్లగా పాట ఎత్తుకున్నారు. అందరూ అందుకున్నారు. నేనూ పాడాను, నాకిష్టమైన పాటే.

ఆరాధన అయ్యాక వెనక పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే నాకు వరసకి వదినయ్యే ఆమె పక్కకి పిలిచింది. చుట్టూ చూసి, నా చెయ్యి తీసుకుని, జాకెట్ మీద నుంచే తన ఎడమ రొమ్ము పక్కన పెట్టింది. గట్టిగా, రేగిపండంత. ఎన్నాళ్ళయిందంటే ఎనిమిది నెలలంది. ఇంట్లో చెప్పలేదు. "బాగయ్యాక సాక్ష్యం చెబుదామనుకున్నానమ్మాయ్" అంది.

బుధవారం మొదటి బస్సుకి ఇద్దరం గుంటూరు వెళ్ళాం. ఆమె సంచిలో బైబిలూ, జనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే పిలుచుకునే కార్డూ ఉన్నాయి. సూదితో తీసిన ముక్కని ల్యాబుకి పంపారు. రిపోర్టు ఇంకా రాలేదు.