నిమ్మలకుంట తోలుకి పేరు పెట్టిందెవరు?

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల మీద డిజైన్ విద్యార్థులు చేసే పనిని కళాసేవ అనడం అలవాటైంది. ఆ మాటని అలాగే ఒప్పుకోడానికి మేం సిద్ధంగా లేం. నిఫ్ట్, ఎన్.ఐ.డి. వంటి సంస్థల్లో చేతిపనుల్ని నమోదు చెయ్యడం చదువులో భాగం. పిల్లలొస్తారు, కొన్నాళ్లుంటారు, ఫొటోలు తీస్తారు, నమూనాలు గీసుకుంటారు. చివరికి ఒక పుస్తకం, ఒక లోగో, సరుక్కి కట్టే చీటీ, అట్టపెట్టె తయారవుతాయి. దీనికే 'కలిసి చేసిన కళ' అని పేరు. కలిసిందెవరు, చేసిందెవరు, పేరు మిగిలిందెవరికి అన్నదే మా ప్రశ్న. గోరంట్ల, హిందూపురం వైపు దళితవాడల నుంచి మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లలు రేపు ఈ చదువుల్లోకీ పోతారు. అందుకే ఇప్పుడే అడగాలి.

ముందు పని సంగతి. పచ్చి మేకతోలు తెచ్చి, నీళ్లలో నానబెట్టి, బొచ్చు గీకి, సాగదీసి ఆరబెడితే వెలుతురు పారే పలచటి తోలు వస్తుంది. దానిమీద బొమ్మ గీసి, రెండువైపులా రంగేసి, ఉలితో సన్నటి బెజ్జాలు కొడతారు. తెర వెనక దీపం పెడితే ఆ బెజ్జాలే నగలై మెరుస్తాయి. కాళ్లూ చేతులూ విడిగా కోసి దారంతో కలుపుతారు కాబట్టే బొమ్మ ఆడుతుంది. నానిన తోలు వాసన, దాన్ని గీకే చేతులు లేకుండా రాముడూ లేడు, సీతా లేదు. డిజైన్ భాషలో ఈ శ్రమంతా 'ప్రక్రియ' అనే ఒక్క మాట కింద నాలుగు శుభ్రమైన ఫొటోలతో అయిపోతుంది.

పాత సంప్రదాయంలో తోళ్లకీ అంతస్తులున్నాయి. దేవుళ్లకీ, ఇతిహాస నాయకులకీ జింకతోలు. భీముడు, రావణుడు మోటుగా ఆడాలి గనక గట్టి దుప్పితోలు. మిగిలినోళ్లందరికీ మేకతోలు. అంబేడ్కర్ చెప్పిన మెట్ల అసమానత బొమ్మలపెట్టెలోకీ దూరిందన్నమాట. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అందరికీ మేకతోలే గతైంది. (రాముణ్ణీ రాక్షసుణ్ణీ ఒకే బంతిలో కూర్చోబెట్టింది శాస్త్రం కాదు, చట్టం!) ఇంత సంగతిని 'ముడిసరుకు' అని శీర్షిక పెట్టి దాటేస్తే ఎట్లా?

నిమ్మలకుంట కళాకారులు మాదిగలు కారు, మరాఠీ మాట్లాడే సంచార కుటుంబాల వారసులు. ఊరూరూ తిరిగి ఆడి బతికినోళ్లు. వాళ్లమీద మాకు ఫిర్యాదు లేదు. కానీ తోలు ముట్టిన పని ఒకచోట కళైంది, ఇంకోచోట మైలైంది. లందలో తంగేడు చెక్కతో తోలు ఊని, చెప్పులూ, కపిల బావులకి తోలు బానలూ కుట్టిన మాదిగ పనితనానికి ఏ లోగో గీశారు? ఈ రెండు తోళ్లనీ పక్కపక్కన పెట్టి చూడగలిగిన చోట నిలబడి కూడా విద్యార్థి చూడడు. కులం అతనికి డిజైన్ సమస్యగా కనబడదు.

ఆటకి పిలిచేవాళ్లు తగ్గాక ల్యాంప్‌షేడ్లు, గోడబొమ్మలు చాలా ఇళ్లకి కూడు పెట్టాయి. దాన్ని మేం తక్కువ చెయ్యం. అయినా ఆ దీపంలో ఏం పోయిందో చెప్పుకోవాలి. బొమ్మకి కీళ్లు పోయాయి, మాట పోయింది. తెరమీద బూతులాడి, పెద్దోళ్లని ఎగతాళి చేసి జనాన్ని నవ్వించిన కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు దీపం మీదికి రావడం అరుదు. వినాయకుడొచ్చాడు, కృష్ణుడొచ్చాడు, నెమలి వచ్చింది. కొనేవాళ్ల గదికి ఏది నప్పితే అదే సంప్రదాయమైంది.

ఇక పేరు సంగతి. ఆంధ్రప్రదేశ్ హస్తకళల సంస్థ దుకాణాల పేరు లేపాక్షి, గుడి ఉన్న ఊరు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ దుకాణాల పేరు గోల్కొండ, కోట. పనివాళ్లుండే వాడ పేరు మాత్రం ఎక్కడా ఎక్కలేదు. తోలుబొమ్మలకి భౌగోళిక గుర్తింపూ ఉంది. 1999 నాటి ఆ చట్టం సరుకు పేరుని కాపాడుతుందిగానీ కూలిని కాదు. 2020లో దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది, సంతోషం. బొచ్చు గీకినోళ్లకి, రంగేసిన ఆడోళ్లకి చీటీమీద చోటెప్పుడు?

ఇది నిమ్మలకుంటతో ఆగేది కాదు. 2025 జూన్‌లో ఇటలీ కంపెనీ ప్రాడా మిలాన్‌లో కొల్హాపురి చెప్పుల్లాంటివి చూపించి మూలం చెప్పకపోతే దేశమంతా గగ్గోలైంది. 'భారతీయ వారసత్వం' అన్నారు. తరతరాలుగా వాటిని కుట్టిన చర్మకారుల కులం పేరు ఎంతమంది ఎత్తారు? దీనికి ఎదురుగా ముంబైలో సుధీర్ రాజ్‌భర్ తన సంచులకి 'చమార్' అనే పేరే పెట్టారు. 2015 మహారాష్ట్ర గొడ్డుమాంస నిషేధంతో దెబ్బతిన్న తోలుపనివాళ్లని కలుపుకుని, తోలు బదులు పాత రబ్బరుతో కుట్టించారు. ఆ సంచులు కొనగలిగేదెవరన్న ప్రశ్న ఉంది, అది వేరే. పేరైతే దాచలేదు. మన దగ్గర ఆ పని అంతకుముందే, 1994లో, దండోరా చేసింది. మాదిగ అన్న మాటని పేరు చివర తగిలించుకుని, డప్పుని జెండాలా ఎత్తింది. దానికి లోగో గీసిచ్చిన డిజైనర్ ఎవరూ లేరు.

నిమ్మలకుంటకి పోయే విద్యార్థుల్ని మేం అడిగేది కష్టమైందేం కాదు. పుస్తకం మొదటి పేజీలో మీ పేరు పక్కన పనిచేసినోళ్లందరి పేర్లూ వేయండి. తోలు ఎవరి దగ్గర ఎంతకి కొన్నారో, బొమ్మకి ఎన్ని రోజులు పట్టిందో, దుకాణంలో ఎంతకి అమ్మారో, అందులో వాళ్ల చేతికి ఎంత ముట్టిందో రాయండి. గీసుకున్న నమూనాలకి ఒక నకలు వాళ్లింట్లో పెట్టి రండి. కేతిగాణ్ణి కూడా గీయండి.