మెత్తబడితే బరువు తగ్గినట్టేనా?

స్వీడన్ మెటల్ బ్యాండ్ ఓపెత్ 2011లో ‘హెరిటేజ్’ తెచ్చినప్పుడు పాత అభిమానులు చాలామంది అలిగారు. మికేల్ ఓకర్‌ఫెల్ట్ గాండ్రింపు అందులో ఒక్కచోటా లేదు. దాని బదులు 1970ల ప్రోగ్రెసివ్ రాక్ ఛాయలు, శుభ్రమైన పాట. “మెత్తబడిపోయారు” అన్నారు.

నాకిది సగమే నిజమనిపిస్తుంది. మెలొడీ ఓపెత్‌కి కొత్తేం కాదు. 2001 నాటి ‘బ్లాక్‌వాటర్ పార్క్’లో గాండ్రింపు పక్కనే అకూస్టిక్ గిటార్ మోగుతుంది. ‘డెలివరెన్స్’ లాంటి భీకరమైన ఆల్బమ్‌తో పాటే రికార్డ్ చేసిన ‘డ్యామ్నేషన్’లో (2003) గాండ్రింపే లేదు. అయినా అది తేలికైన ఆల్బమ్ కాదు. పాట నిదానంగా నడుస్తుంటే ఎప్పుడు విరుచుకుపడుతుందోనని చెవులు రిక్కించి కూర్చుంటాం. చివరిదాకా పడదు. ఆ బిగువు మాత్రం సడలదు.

‘హెరిటేజ్’లో లోటు ఆ బిగువే. వాయిద్యాల పనితనానికి వంక పెట్టలేం, కానీ పాట ఒక ఆలోచన పూర్తవకుండానే ఇంకోదానికి గెంతేస్తుంది. భయపడే తీరిక మనకివ్వదు. 2014లో వచ్చిన ‘పేల్ కమ్యూనియన్’లోనూ గాండ్రింపు లేదు, కానీ చివరి పాట ‘ఫెయిత్ ఇన్ అదర్స్’ తీగవాయిద్యాలతో మెల్లగా కమ్ముకుని గుండె బరువెక్కిస్తుంది.

2024 ఆల్బమ్ ‘ద లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్’లో గాండ్రింపు తిరిగొచ్చింది. సంతోషమే. కాకపోతే ఓపెత్ మళ్ళీ ఓపెత్ అయిందని సంబరపడేవాళ్ళు, ఆ గాండ్రింపు లేని రోజుల్లో ఏం పోయిందో, ఏం పోలేదో ఒకసారి విని చూడాలి.