బ్రిస్కెట్‌కి పలనాట పేరేంటి?

బార్బెక్యూ మీద ఇంగ్లీషు వంటపుస్తకం తెరిస్తే మొదట్లోనే ఒక గొడ్డు బొమ్మ కనిపిస్తుంది. దాని ఒంటి మీద గీతలు గీసి, జిల్లాల పటంలా విడగొట్టి, ఒక్కో భాగానికీ ఒక్కో పేరు రాస్తారు: చక్, రిబ్, లోయిన్, రౌండ్, బ్రిస్కెట్. వంటంతా ఆ పటాన్ని నమ్ముకునే నడుస్తుంది. డాలస్‌లో ఉండే మా అన్న కొడుకు దాన్ని ఫోన్లో పంపి, "బాబాయ్, నరసరావుపేటలో బ్రిస్కెట్‌ని ఏమని అడగాలి?" అన్నాడు. నా అలమరలో ఉన్న తెలుగు వంటపుస్తకాలు ఒక్కటీ జవాబు చెప్పలేదు. వాటిల్లో మాంసం అంటే మేక, కోడి. మహా అయితే రొయ్య.

సాహిత్యంలో పెద్దకూర లేదా అంటే ఉంది. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీలో బీఫ్ ఫెస్టివల్ జరిగింది. ఆ కాలపు వాదాల్లో దిగుమర్తి సురేష్ కుమార్ 'గొడ్డు మాంసం' లాంటి కవితలు నలుగురి నోళ్ళలో నలిగాయి. తిండిని అడ్డం పెట్టుకుని మనిషిని వెలేసేవాళ్ళని అవి నిలదీశాయి. ఆ పని కవిత్వమే చెయ్యాలి, చేసింది. కానీ వాదంలోకి వచ్చేసరికి మాంసం ఒకే ఒక్క మాటైపోతుంది. కార్జం ఎంతసేపు ఉడకాలి, మెడకండ దేనికి పనికొస్తుంది అన్నవి వాదంలో పట్టవు. వాటికి వేరే పుస్తకం కావాలి. మరాఠీలో షాహూ పటోలే 2015లో అలాంటిది రాశాడు, 'అన్న హే అపూర్ణబ్రహ్మ' అని. మరాఠ్వాడా మహర్, మాంగ్ వంటిళ్ళ రుచుల్నీ, ఆ రుచుల వెనకున్న కులాన్నీ ఒకేచోట పెట్టాడు. తెలుగులో అలాంటిదాని కోసం నేనింకా చూస్తున్నాను.

పలనాటి తిండిని అది ఏం కాదో చెప్పి వర్ణించటం మనకి పాత అలవాటు. శ్రీనాథుడి పేరు మీద చెప్పుకునే చాటువుల్లో ఇక్కడి జొన్నకూడు మీద ఎంత వెటకారమో! సన్నబియ్యం లేని నాడుగానే పలనాడు సాహిత్యానికి పరిచయమైంది. మాచర్ల చాపకూడు మీద వ్యాసాలకి కొదవలేదు. అందరూ చాప గురించే రాశారు, చాప ముందు వడ్డించిన కూడు సంగతి ఎవరికీ పట్టలేదు. బ్రిస్కెట్ దొరకని ఊరు అని మొదలుపెడితే నేనూ ఆ వరసలో చేరిపోతాను.

ఇంతకీ బ్రిస్కెట్ అంటే ముందుకాళ్ళ మధ్య రొమ్ముకండ. గొడ్డు బరువు మోసే కండ కనక నార ఎక్కువ. ఆ నార సన్నటి సెగకి గంటల తరబడి కరిగి జిగురవుతుంది. లోపలి వేడి 95 డిగ్రీల దాకా వెళితేగాని మెత్తబడదు. ఉర్దూ మాట్లాడే ఖసాయి దగ్గర 'సీనా' అంటే అదే. చిక్కు పేరుతో కాదు, కత్తితో. "ముక్కలు కొట్టొద్దు భాయ్, ముద్దగానే ఇవ్వు" అంటే, "అట్టా అయితే ఎట్టా ఉడుకుద్ది సార్?" అని ఆయన నా మీద జాలిపడ్డాడు. న్యాయమైన ప్రశ్నే. 1977 చట్టం ప్రకారం ఇక్కడ ఆవుని కొయ్యకూడదు. మిగతా గొడ్లకి కూడా పనికి, పాడికి, ఈతకి అక్కరకు రావని ధ్రువపత్రం ఉండాలి. అంటే కొట్టుకి చేరేది ఎక్కువగా వయసు మళ్ళిన గేదో దున్నో. మాంసంలో కొవ్వు తక్కువ, నార గట్టిది. టెక్సాస్ పుస్తకంలోని గంటలు దీనికి చాలవు. కొవ్వు విడిగా అడిగి పైన కప్పాలి, లేదా ముందు సగం ఉడకబెట్టి తర్వాత పొగకి పెట్టాలి.

అందుకే 'ఫలానా ముక్క బదులు ఫలానా ముక్క' అనే పట్టికల మీద నాకు గురి లేదు. అవి గొడ్డు ఒంట్లో చోటు చూస్తాయి, వయసూ చాకిరీ చూడవు. మా పెద్దమ్మ ముక్క చేత్తో నొక్కి, "ఇది పులుసుకి, ఇది ఏపుడుకి, ఇది తీగె మీదకి" అని మూడు కుప్పలు పెట్టేది. ఏ ముక్క ఎంత సెగ అడుగుతుందో ఆ మూడు మాటల్లోనే ఉంది. అది అచ్చుకి ఎక్కలేదు. కొట్టు దగ్గర గొంతు తగ్గించి "పెద్దది ఉందా?" అని అడగాల్సి వచ్చే తిండికి, ఇన్ని పేర్లు పైకి చెప్పుకునే చోటెక్కడిది?

ఇంకో సంగతి. బ్రెజిల్‌లో నిప్పుల మీద కాల్చే ముక్కల్లో 'కుపిం' ఒకటి. అది మూపురం. అక్కడి మాంసపు మందల్లో పెద్ద భాగం 'నెలోర్' జాతిది, అంటే మన ఒంగోలు జాతే, ఓడలెక్కి పోయింది. నరసరావుపేట ప్రాంతం కూడా ఆ జాతి పుట్టిన నేలలోదే. కుపిం అంటే వాళ్ళ భాషలో చెదపురుగు. మూపురం చెదపుట్టలా ఉంటుంది కదా! మన గిత్త మూపురానికి వాళ్ళు వంటింటి పేరు పెట్టుకున్నారు. ఇక్కడి కొట్లో గేదె మాంసంలో ఆ ముక్క వెతకటం దండగ, గేదెకి మూపురమే ఉండదు.

ఒక్క విషయంలో మాత్రం పుస్తకానికీ పలనాడుకీ దగ్గరి చుట్టరికం కలిసింది. టెక్సాస్‌వాళ్ళు మురిసిపోయే మెస్కీట్ కట్టె, మన కాలవగట్ల మీద ఎవరూ నాటకుండానే పెరిగే సర్కారు తుమ్మా ఒకే ప్రజాతి, ప్రోసోపిస్. దాని బొగ్గులు ఇక్కడ ఇస్త్రీ పెట్టెల్లోకి పోతున్నాయి.

ఆ బొగ్గుల మీదకి బ్రిస్కెట్టే కావాలనేముంది? పెద్దమ్మ మూడో కుప్ప ఉండనే ఉంది. కండని నార వెంట పొడుగ్గా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి తీగె మీద వేస్తే, రెంటచింతల ఎండ నాలుగు రోజుల్లో దాన్ని చెక్క చేస్తుంది. ఆ ఎండుతునకని నిప్పుల మీద కాల్చి, రోట్లో రెండు పోట్లు వేసి, జొన్నరొట్టెతో తింటారు. పటంలో దానికి గీత లేదు. ఏ పుస్తకం చూసి దాన్ని బార్బెక్యూ కాదంటారో నాకు తెలీదు.