రక్తపరీక్ష పత్రంలో వయసు, లింగం: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
మనిషి రక్తంలోని జీవక్రియా అణువుల పరిమాణం స్త్రీపురుష భేదాన్ని బట్టి, వయసును బట్టి మారుతుందన్నది శాస్త్రం నిర్ధారించిన విషయం. ఈ మార్పును పరీక్ష పత్రం, ఆహార ప్రమాణాల గ్రంథం, తెలుగు ఆరోగ్య రచన ఏ భాషలో చెబుతున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘వయసు’, ‘లింగం’ అనే మాటలు శరీరధర్మంతో పాటు తిండిని, పనిని, శస్త్రచికిత్సను కూడా తమలో కలిపేసుకుంటున్నాయని, వాటిని విడదీసి చదవాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రక్తం, మెటబొలైట్, క్రియాటినిన్, ముట్లుడగడం, ప్రామాణిక స్త్రీ, తార్నాక, సవాలక్ష సందేహాలు.

1. ప్రవేశిక

తెలుగు నుడికారంలో నెత్తురుకు వయసు ఉంది, లింగమూ ఉంది. దుడుకుగా మాట్లాడే కుర్రవాణ్ణి ‘ఉడుకు నెత్తురు’ అని సరిపెట్టుకుంటారు. నీరసించిన కోడలిని చూసి ‘ఒంట్లో రక్తం లేదు’ అంటారు. బాలింత కోలుకుంటే ‘రక్తం పట్టింది’ అని సంతోషిస్తారు. మొదటి మాటలో నెత్తురు స్వభావం. తక్కిన రెండింటిలో అది లోటు, ఆ లోటు తీరడం. ఈ తేడా యాదృచ్ఛికం కాదు.

రక్తపరీక్ష పత్రం ఇంత మాటకారి కాదు. పేరు పక్కన వయసు, లింగం నమోదు చేసి, కింద అంకెలను, వాటికెదురుగా ‘సాధారణ’ పరిధిని ముద్రిస్తుంది. చదువరి చూపు అంకె మీద నిలుస్తుంది. ఆ అంకెకు అర్థమిచ్చేవి మాత్రం పైనున్న రెండు గడులే.

పరిభాష గురించి ఒక మాట. పాఠ్యపుస్తకాల్లో ‘జీవక్రియలు’ అన్న మాట పోషణ, శ్వాసక్రియ, విసర్జన వంటి వాటన్నింటికీ వాడుకలో ఉంది. అందువల్ల కణాలలో జరిగే రసాయనిక మార్పుల్లో ఏర్పడే చిన్న అణువులను ‘మెటబొలైట్లు’ అనడమే స్పష్టంగా ఉంటుంది.

2. నెత్తురులోని తేడాలు

జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ ప్రాంతంలో సాగిన ‘కోరా’ అధ్యయనం ఆధారంగా 2011లో వెలువడిన పరిశోధన 131 మెటబొలైట్లను పరిశీలించింది. వాటిలో 102 స్త్రీపురుషులలో చెప్పుకోదగిన తేడాతో కనిపించాయి. జపాన్‌లోని ఒకినావాలో జరిగి 2016లో ప్రచురితమైన మరో పరిశోధన వయసుతో మారే 14 అణువులను గుర్తించింది. రెండోది 15 మంది యువకులను, 15 మంది వృద్ధులను పోల్చి చేసిన అధ్యయనం. ఒకే మనిషి ముసలివాడవుతుండగా చూసినది కాదు. యువకులూ వృద్ధులూ వేర్వేరు కాలాల్లో పుట్టి వేర్వేరు తిండి తిని పెరిగినవారు. కాబట్టి అక్కడ ‘వయసు’ అన్న మాటలో ‘తరం’ కూడా దాగి ఉంటుంది. ఈ పరిమితిని పక్కనబెట్టి ‘వృద్ధాప్య అణువులు దొరికాయి’ అని రాసే వార్తాకథనాలు తరాన్ని పూర్తిగా మింగేస్తాయి.

క్రియాటినిన్ ఈ చర్చకు మంచి ఉదాహరణ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఫిస్క్‌తో కలిసి 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియేటిన్ ఉనికిని ప్రకటించారు. ఆ క్రియేటిన్ నుంచి నిత్యం పుట్టే వ్యర్థమే క్రియాటినిన్. కిడ్నీ జబ్బుతో కుంగిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇది ఇవాళ ఇంటి మాట. కండ ఎక్కువున్న మనిషిలో ఇది ఎక్కువ పుడుతుంది, కండ కరిగిన మనిషిలో తక్కువ. బక్కచిక్కిన డెబ్బయ్యేళ్ల స్త్రీకి ‘సాధారణ’ అంకె వచ్చినా, ఆమె మూత్రపిండాలు అప్పటికే సగం పని మానేసి ఉండవచ్చు. అందుకే మూత్రపిండాల సామర్థ్యాన్ని లెక్కగట్టే సూత్రాలు వయసును, లింగాన్ని అడుగుతాయి. ఎక్కువగా వాడే అమెరికన్ సూత్రం నుంచి 2021లో జాతి అన్న అంశాన్ని తొలగించారు, ఈ రెంటినీ ఉంచారు. అయితే సూత్రానికి నిజంగా కావలసింది కండ ఎంతో తెలియడం. వయసు, లింగం దానికి బదులుగా నిలబడ్డ మాటలు. ఎండలో రోజంతా నడుము వంచి పనిచేసే కూలీకీ, కుర్చీలో కూర్చునే అదే వయసు ఉద్యోగికీ కండ ఒకటి కాదు.

యూరిక్ ఆమ్లం కథ వేరు. ఈస్ట్రోజెన్ దాన్ని మూత్రపిండాల ద్వారా బయటికి పంపడానికి తోడ్పడుతుంది. అందువల్ల స్త్రీలలో అది తక్కువగా ఉండి, ముట్లుడిగాక పురుషుల స్థాయికి చేరువవుతుంది. చెడు కొలెస్టరాల్ కూడా ఆ దశలోనే పెరుగుతుంది. నెలనెలా పోయే రక్తం ఆగిపోవడంతో ఇనుము నిల్వలను తెలిపే ఫెరిటిన్ కూడా పెరుగుతుంది. అంటే రక్తం దృష్టిలో ‘స్త్రీ’ ఒక్కటి కాదు. ఈ మలుపుకు తెలుగులో ‘ముట్లుడగడం’ అనే చక్కని మాట ఉంది. శరీరంలో ఒక ప్రవాహం ఆగిందని సూటిగా చెప్పే మాట అది. ‘రజోనివృత్తి’ మర్యాదస్తుల మాట, దూరం నుంచి పలుకుతుంది.

3. తార్నాకలో రూపొందిన మనిషి

అంబర్‌పేట్ నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం మీదుగా వెళ్తే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఎదురవుతుంది. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ బెరిబెరి పరిశోధనతో మొదలైన ఈ సంస్థ 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు పొందింది. (ఉస్మానియా పుట్టిందీ 1918లోనే.) భారతీయులకు ఎంత తిండి కావాలో చెప్పే ప్రమాణాలు వెలువడేది ఇక్కడినుంచే.

ఆ ప్రమాణాలలో ఇద్దరు వ్యక్తులున్నారు: ప్రామాణిక పురుషుడు, ప్రామాణిక స్త్రీ. 2010 నాటి పత్రంలో వారి వయసు 18 నుంచి 29, బరువు 60, 55 కిలోలు. 2020 నాటికి వయసు 19 నుంచి 39 అయింది. పురుషుడి బరువు 65 కిలోలకు పెరిగింది, స్త్రీ 55 దగ్గరే ఆగింది. ఈ నిర్వచనాన్ని పాత్రచిత్రణగా చదివితే ఆసక్తికరమైన విషయాలు బయటపడతాయి. ఇద్దరికీ రోగం లేదు. ఇద్దరూ రోజుకు ఎనిమిది గంటలు పనిచేస్తారు, ఎనిమిది గంటలు పడుకుంటారు. స్త్రీ ఎనిమిది గంటల పని జాబితాలో ఇంటిపని కూడా ఉంది. ఆమె బయట పనిచేస్తే మాత్రం ఇంటిపనికి మిగిలేది నడకతో, వ్యాయామంతో పంచుకునే రెండు గంటలు. తెలుగు కథలు ఎన్ని చదివినా ఈ స్త్రీ తారసపడదు. పొద్దున్నే లేచి వండిపెట్టి పనికి వెళ్లి, తిరిగొచ్చి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడే స్త్రీ దినచర్య ఈ గడియారంలో ఇమడదు. లెక్కలకు ఒక కొలమానం కావాలన్న వాదన సరైనదే. కొలమానానికి దినచర్య జోడించిన క్షణం నుంచి మాత్రం అది కల్పిత పాత్ర అవుతుంది, దాన్ని విమర్శించే హక్కు చదువరికి వస్తుంది.

4. వయసా, తిండా

ఈ ప్రశ్నను అదే సంస్థలో పనిచేసిన వీణా శత్రుఘ్న గట్టిగా వేశారు. తక్కువ ఆదాయ వర్గానికి చెందిన 30 నుంచి 60 ఏళ్ల స్త్రీలు 289 మంది ఎముకల సాంద్రతపై ఆమె బృందం చేసిన అధ్యయనం 2005లో ప్రచురితమైంది. సంపన్న దేశాల స్త్రీలతో పోలిస్తే వీరి ఎముకలు బాగా పలచబడి ఉన్నాయి. దానికి పోషణ స్థితితో సంబంధం కనిపించింది. ‘వయసు మీదపడింది’ అని తేల్చేసే చోట ఆ అధ్యయనం కంచంలోకి చూసింది. ఎముక రక్తంలోని అణువు కాదు కదా అనవచ్చు. కానీ తిండిలో కాల్షియం తగ్గినా రక్తంలో అది తగ్గకుండా పారాథైరాయిడ్ హార్మోను ఎముక నుంచి తీసి నింపుతుంది. పరీక్ష పత్రంలో కాల్షియం సాధారణంగానే కనిపిస్తుంది, తరుగు ఎముకలో జరుగుతుంది.

శత్రుఘ్న స్త్రీశక్తి సంఘటనలో భాగం. ‘మనకు తెలియని మన చరిత్ర’ను తెచ్చిన ఆ సంఘటన నేపథ్యం నుంచే స్త్రీల ఆరోగ్యంపై ‘సవాలక్ష సందేహాలు’ కూడా వచ్చింది. పేరులోనే ఒక పద్ధతి ఉంది. పరీక్ష పత్రానికి సందేహం ఉండదు, జవాబు మాత్రమే ఉంటుంది. ఈ పుస్తకం అడిగే గొంతును ముందు నిలబెట్టింది. వ్యావహారికంలో శరీరం గురించి సిగ్గుపడకుండా మాట్లాడటం నేర్పిన పుస్తకాల్లో దీనికి తెలుగు సాహిత్య చరిత్రలు ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదు. ఆరోగ్య రచనను వచన సాహిత్యంగా పరిగణించని మన విభాగాల అలవాటే అందుకు కారణం.

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. గర్భసంచితో పాటు అండాశయాలను కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ముప్పయ్యయిదేళ్ల స్త్రీ రక్తంలో కొలెస్టరాల్, యూరిక్ ఆమ్లం యాభై దాటిన స్త్రీ రక్తంలోలాగా మారడం మొదలవుతుంది. ఆ మార్పు వయసు వల్ల వచ్చింది కాదు, లింగం వల్లా వచ్చింది కాదు, ఆపరేషన్ బల్ల మీద వచ్చింది. ఆమె పరీక్ష పత్రంలో మాత్రం వయసు 35 అనే ఉంటుంది. ఆపరేషన్ సంగతి రాసే గడి ఆ పత్రంలో లేదు, ముట్లు ఎప్పుడు ఉడిగాయని అడిగే గడీ లేదు.