ప్రణయ చిత్రకథలో కాంక్షాపూర్తి

వేయి సంవత్సరముల క్రిందట జపాను దేశమున కజుసా అను దూరపు సీమలో ఒక బాలిక పెరుగుచుండెను. తండ్రి ఆ సీమలో రాజోద్యోగి. సవతి తల్లియు, అక్కయు జ్ఞాపకమున్నంత మేరకు చెప్పు కథల తునకలు మాత్రమే ఆమె చెవిని బడుచుండెను. కథలన్నియు ఆసాంతము చదువవలెనని ఆమె తపన. తన యెత్తు భైషజ్యగురు బుద్ధుని ప్రతిమను చేయించుకొని, ఎవరును లేని వేళల దాని యెదుట మోకరిల్లి, తన్ను త్వరగా రాజధానికి చేర్చి లోకమున గల కథలన్నియు చదివింపుమని ఆమె వేడుకొనెడిది. 1020లో ఆ కుటుంబము రాజధానికి ప్రయాణమయ్యెను. కొంత కాలమునకు బంధువురాలొకతె ఏబదికి పైబడిన 'గెంజి మొనొగతారి' సంపుటములను పెట్టెతో సహా ఆమె చేతికిచ్చెను. ఆ సంతోషము ముందు పట్టపురాణి పదవియు ఆమెకు తృణప్రాయముగ తోచెను. పెరిగిన పిదప తానును ఆ కథలోని యూగావో వలె, ఉకిఫునె వలె అందగత్తె నగుదునని కలలు గనెను. ఒకనాటి రాత్రి స్వప్నమున పచ్చని కాషాయము ధరించిన భిక్షువొకడు కనబడి, 'సద్ధర్మ పుండరీక సూత్రము' ఐదవ సంపుటమును శీఘ్రముగ అభ్యసింపుమని హెచ్చరించెను. ఆమె పెడచెవిని పెట్టెను. వార్ధక్యమున 'సరషినా నిక్కి' అను స్మృతిగ్రంథము వ్రాయుచు ఆ సంగతిని తలచుకొని వగచెను. ఆమె పేరు చరిత్రకెక్కలేదు. సుగవర తకసూయె కుమార్తె యని మాత్రమే లోకము ఎరుగును.

ప్రణయ కథలు చదువు ఆడుపిల్లలను గూర్చి జపానులోను, అన్యత్రను నేటికిని జరుగుచున్న వాదమంతయు ఈ వృత్తాంతమున బీజరూపమున నున్నది. మాంగా యనబడు జపాను చిత్రకథలలో ప్రణయ కథలది ఒక పెద్ద శాఖ. బాలికల పత్రికలలో వెలువడునది షోజో మాంగా, బాలుర పత్రికలలో వెలువడునది షోనెన్ మాంగా అని వ్యవహారము. ఈ రెండింటి మీదను అభియోగములు కలవు. బాలికల కథలో నాయిక సామాన్యురాలు. సర్వసంపన్నుడైన యువకుడొకడు ఏ కారణమును లేకయే ఆమెను వరించును. అతని దురుసుతనము ప్రేమకు గుర్తుగ చెల్లిపోవును. బాలుర కథలో నాయకుడు అప్రయోజకుడు; అయినను సుందరులనేకులు అతని చుట్టును చేరుదురు; వారికి అతనిని ప్రేమించుట తప్ప వేరు పని యుండదు. రెండును కోరికలను తీర్చు కలలే యనియు, ఆ కలలు స్త్రీపురుషులను గూర్చిన తప్పుడు కొలతలను లేతమనస్సులకు అలవరచుననియు ఒక పక్షము వాదించును. కల కలయని పాఠకులకు తెలియును, వారిని తెలివిలేని వారినిగ జమకట్టుట వేరొక అహంకారమని రెండవ పక్షము బదులు చెప్పును.

కాంక్షాపూర్తి యను మాటను సాహిత్య చర్చకు దెచ్చిన వారిలో ఫ్రాయిడ్ ముఖ్యుడు. 1908లో ప్రకటించిన వ్యాసమున, కవికిని పగటికలలు కనువానికిని గల బంధుత్వమును చూపుటకు అతడు మహాకావ్యములను గాక ప్రజాదరణము గల సామాన్య నవలలనే స్వీకరించెను. వానిలో నాయకునకు ఎన్ని గండములు వచ్చినను ప్రాణభయము లేదు. స్త్రీలందరును అతనినే వలతురు. ఆ నాయకుడు చదువరి యహంకారమే యని అతని నిర్ణయము. 1984లో అమెరికా విదుషి జానిస్ రాడ్వే ప్రణయ నవలలు చదువు గృహిణులను గూర్చి వ్రాసిన గ్రంథము ఈ చర్చను వేరొక మలుపు త్రిప్పినది. ఇంటి చాకిరి నడుమ తమదని చెప్పుకొన దగిన కాసింత సమయమును ఆ స్త్రీలు చదువు ద్వారమున సంపాదించుకొనుచుండిరనియు, నాయకుని కాఠిన్యము కడకు మార్దవముగ కరగుటయే వారికి ప్రియమనియు ఆమె గ్రహించెను. అయినను ఆ తృప్తి వారి యింటి వ్యవస్థను మార్పక యథాతథముగ నిలుపుటకే తోడ్పడునేమో యను సందేహమును ఆమె విడువలేదు. తెలుగు పాఠకులకును ఈ వాదము క్రొత్త కాదు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' నవలలోని రాజశేఖరమును గూర్చి 1960ల నుండియు ఇట్టి తర్కమే మన యిండ్లలో జరిగినది.

కాగా, కథ కోరికను తీర్చుచున్నదా యను ప్రశ్నతో విమర్శ ముగియరాదు. కోరిక తీర్పని కథలు లోకమున అరుదు. ఆ కోరిక ఎట్టిది, అది తీరుటకు మూల్యమును ఎవరు చెల్లించిరి అనునవియే అసలు ప్రశ్నలు.

బాలికల మాంగా చరిత్రలో మొదట కనిపించు గొప్ప కోరిక వరుడు కాదు, ఖడ్గము. తెజుకా ఒసాము 1953లో 'షోజో క్లబ్' పత్రికలో ఆరంభించిన 'రిబొన్ నొ కిషి' కథానాయిక సఫైర్ రాకుమారి. మగవారికే సింహాసనము చెల్లు రాజ్యమున ఆమె రాకుమారునిగ పెరుగును. దేవదూత చిలిపితనము వలన ఆమెయందు ఆడు హృదయమును, మగ హృదయమును రెండును గలవు. తెజుకా బాల్యము గడచిన తకరజుకా పట్టణమున 1914 నుండి స్త్రీలే పురుష పాత్రలను కూడ ధరించు నాటకసమాజమొకటి ప్రదర్శనములిచ్చుచున్నది. సఫైర్ వేషమునకు ప్రేరణ మచ్చటిదే. 1947లో అమలునకు వచ్చిన జపాను రాజ్యాంగపు 24వ అధికరణము వివాహమునకు స్త్రీపురుషులిరువురి సమ్మతియే ఆధారమని శాసించినది. శాసనము మారినంత త్వరగ ఇల్లు మారదు. ఆ రెంటి నడుమ నున్న ఎడములో సఫైర్ పుట్టినది. అయితే ఆమె శౌర్యము మగ హృదయము నుండియే వచ్చుననుటయు, కథ వివాహముతోనే ముగియుటయు గమనింప దగినవి.

ఇరువది సంవత్సరములలో పరిస్థితి మారినది. పురుష రచయితలు అధికముగ నున్న ఈ రంగమున 1970లలో స్త్రీలు ప్రముఖులైరి. హగియొ మొతొ, తకెమియ కెయికొ మొదలగువారు, షోవా శకము 24వ యేడు, అనగా 1949 ప్రాంతమున పుట్టినవారగుటచే, 'ఇరువదినాల్గవ యేటి వర్గ'మని పేరొందిరి. వారి సమకాలికురాలైన ఇకెద రియొకొ 1972-73 సంవత్సరములలో 'మార్గరెట్' వారపత్రికలో వ్రాసిన 'వెర్సాయ్ నొ బరా'లో ఆస్కార్ అను స్త్రీ, కొడుకులు లేని సేనాపతి యింట పుత్రునిగ పెరిగి ఫ్రెంచి రాణి అంగరక్షక దళమునకు నాయకత్వము వహించును. ఆమెను ప్రేమించు ఆంద్రె సేవకుల సంతతివాడు. అతడొకమారు హద్దు మీరి, తన దోషమును తానే గుర్తించి వెనుదీయును. ఆ దోషమును కథ శృంగారమని నమ్మింపజూడదు. ఆస్కార్ తండ్రి కుదుర్ప జూచిన వివాహమును త్రోసిపుచ్చి, ఆంద్రెను తానే వరించి, కడకు ప్రజల పక్షమున నిలిచి 1789 జులై 14న బాస్తీయ్ ముట్టడిలో నేలకొరగును. జపానులో పెద్దలు కుదిర్చిన పెండ్లిండ్లకంటె ప్రేమ వివాహముల సంఖ్య మించినది 1960ల ద్వితీయార్ధముననే. ఆ వెంటనే వచ్చిన తరము బాలికలు ఆస్కార్ యందు చూచుకొన్నది భర్తను గాదు, ఎన్నుకొను శక్తిని. ఇదియు కాంక్షాపూర్తియే. కాని ఈ కాంక్షకు నాయిక తన ప్రాణమునే మూల్యముగ చెల్లించినది.

దీనికి ప్రక్కన కమియొ యొకొ 1992లో ఆరంభించిన 'హన యొరి దాంగొ'ను నిలిపి చూడవలెను. పూవులకంటె పిండివంటయే మేలను జపాను సామెతలోని దాంగొ యను మాటను మగపిల్లలను సూచించు అక్షరములతో వ్రాసి, రచయిత్రి శీర్షికలోనే హాస్యమును పొదిగినది. సామాన్య కుటుంబమునకు చెందిన త్సుకుషి ధనికుల విద్యాలయమున చేరును. నలుగురు యువకుల ముఠాకు నాయకుడైన దోమ్యోజి తన యిష్టము రాని వారిని విద్యార్థులందరిచే వేధింపజేయువాడు. త్సుకుషి తలవంచదు, అతనిని ఎదిరించి కొట్టును. ఆ దెబ్బతోనే అతనికి ప్రేమ పుట్టును. ఈ కథ 1996లో షోగకుకన్ పురస్కారము నందినది. 2001లో తైవానులోను, 2005లో జపానులోను, 2009లో కొరియాలోను దూరదర్శన నాటకమై ఆసియా యంతట వ్యాపించినది.

ఈ కథను సమర్థించువారు త్సుకుషి ఆత్మగౌరవమును చూపుదురు. ఆమె డబ్బునకు లొంగదు. త్రొక్కినకొలది లేచు గడ్డిమొక్క వంటిది. ధనము ముందు దారిద్ర్యము తలయెత్తుటయే ఇందలి కోరిక యని వారి వాదము. అది యథార్థమే. కాని కథారంభమున దోమ్యోజి ఆమెపై బలప్రయోగమునకు తెగబడి, ఆమె కన్నీరు చూచి ఆగును. అట్టివాడే తరువాత నాయకుడగును. ఇచ్చట మన ఆలంకారికుల పరిభాష అక్కరకు వచ్చును. ఇరువురియందును లేని రతిని విశ్వనాథుడు రసాభాసముగ పరిగణించెను. ఆయన పట్టికలోని నిషేధములన్నియు నేటి పాఠకునకు అంగీకార్యములు గాకపోవచ్చును. ఈ యొక్కటి మాత్రము కాలమునకు నిలిచినది. ఒకరి యిచ్ఛను అణచి పుట్టిన దానిని ప్రేమ యనిపించుట రసము కాదు, రసాభాసము. దోమ్యోజి మారిన తీరును కథ ఎంతో శ్రమపడి చూపినది. కాని ఆ మార్పునకు కావలసిన ఓర్పునంతయు త్సుకుషియే సమకూర్చినది. క్రూరుని సంస్కరించుట ప్రేమించిన స్త్రీ బాధ్యత యను భావన చదువరి మనస్సున మిగులునెడల, ఆ బాధ్యతను రేపు నిజజీవితమున ఎవరు మోయుదురు? ఈ ప్రశ్నను అడుగుట పాఠకురాలిని కించపరచుట కాదు. ఆమె భద్రతను గూర్చి ఆలోచించుట.

బాలుర పక్షమునను ఇట్టి భేదమే కలదు. ఫుజిషిమ కొసుకె 1988 నుండి 2014 వరకు నడపిన 'ఆ! మెగామి-సమా'లో, పొరపాటున కలిసిన దూరశ్రవణ సంభాషణ ఫలితముగ దేవతయే ప్రత్యక్షమై ఒక కోరిక కోరుకొమ్మనును. నీ వంటి దేవత ఎల్లప్పుడును నాతో నుండవలెనని ఆ విద్యార్థి కోరును. వరమియ్యబడినది, ఆమె వంట చేయుచు, ఇల్లు దిద్దుచు అతనితోనే యుండును. కాంక్షాపూర్తి యను మాటకు ఇంతకంటె స్పష్టమైన రూపము లేదు. కథ మృదువైనది, నాయకుడు మంచివాడు. కాని దేవతకు స్వంత కోరిక యేమి యను ప్రశ్న ఆ మొదటి వరములో పుట్టలేదు.

తకహషి రుమికొ 1980-87 నడుమ వ్రాసిన 'మేజొన్ ఇక్కొకు'లో ఆ ప్రశ్నయే కథ యంతయు. పాత అద్దెయింటికి నిర్వాహకురాలు క్యోకొ. పెండ్లియైన కొలదికాలమునకే భర్తను కోల్పోయిన యువతి. అద్దెకున్న గొదాయ్ పరీక్ష తప్పిన నిరుద్యోగి. అతడు ఆమెను కోరుట మొదటి పుటలలోనే తేలిపోవును. ఆమె కోరునదేమో తేలుటకే ఏడేండ్లు పట్టినది. గతించిన భర్తను మరచుట ద్రోహమా, మరవకుండుట తనకు ద్రోహమా యను ఆమె సంకటమును రచయిత్రి తొందరపెట్టదు. ఈలోగా గొదాయ్ శిశుపాఠశాలలో ఉపాధ్యాయుడగును. కడకు అతడు ఆ భర్త సమాధి యెదుట నిలిచి, ఆమె హృదయమున నున్న మృతునితో సహా ఆమెను స్వీకరింతునని చెప్పుకొనును. కోరిక తీరినది, కాని కోరినవాడు ముందుగ తాను మారినాడు.

ఈ ప్రక్రియ తన లోపమును తానెరుగదని తలచుట పొరపాటు. హతొరి బిస్కొ 2002లో ఆరంభించిన 'ఔరన్' కథలో ధనికుల విద్యాలయమున అందమైన యువకులు బాలికలకు తియ్యని మాటలు చెప్పి రంజింపజేయు సంఘమొకటి నడపుదురు. పేద విద్యార్థిని హరుహి, పగులగొట్టిన పూలకూజా బాకీ తీర్చుటకై, మగపిల్లవానివలె అందులో పనిచేయును. కలలను అమ్ము అంగడి వెనుక గది యెట్లుండునో నవ్వుచు చూపిన కథ యిది. ఉమినొ త్సునమి 2012లో ఆరంభించిన కథలో ఉద్యోగము లేని పట్టభద్రురాలు మికురి జీతము పుచ్చుకొని భార్యగ కుదురుకొనును. నిజమైన ప్రేమ పుట్టిన పిదప ఆ జీతము ఆగిపోవలసి వచ్చినపుడు, ప్రేమ పేరిట చాకిరి దోచుకొనబడుటను ఆమె ప్రశ్నించును. విమర్శకురాలు ఫుజిమొతొ యుకరి 1998లో ప్రకటించిన గ్రంథమున, బాలికల మాంగాలో నాయిక వెదకునది తనకొక చోటు అని నిరూపించెను. ఉన్నదున్నట్లు నిన్ను మెచ్చితినని ఒకడు చెప్పుటతో ఆ చోటు దొరకుట తొలినాటి ముగింపు. ఆ చోటికి అద్దె ఎంత యని అడుగుట నేటి ముగింపు.

ఇట్టి కథలు భారతీయ భాషలలోనికి వచ్చునపుడు ఈ చర్చ వ్యాకరణము వరకు ప్రాకును. జపాను క్రియకు లింగము లేదు. కాని 'బొకు', 'ఒరె' యని పురుషుడును, 'అతాషి' యని స్త్రీయు తన్ను తాను చెప్పుకొనుట వాడుక. మగవేషమున నున్న నాయిక హిందీలో నోరు విప్పినంతనే 'ఆతా హూఁ' అనవలెనో, 'ఆతీ హూఁ' అనవలెనో తేల్చుకొనక తప్పదు. ఒక్క పలుకులో రహస్యము బయటపడును. తెలుగున 'నేను వచ్చితిని' అన్నచో ఆమె గుట్టు దాగును. గ్రాంథికమున 'వచ్చెను' అన్నను దాగును. వ్యావహారికమున 'వచ్చాడు', 'వచ్చింది' అనినచో దాగదు. భాష మార్చినపుడు పాత్రకు గల స్వేచ్ఛయు ఇంచుక మారును. అనువాదకుడు ఆ స్వేచ్ఛను తన సౌకర్యమునకై కుదించుట తగదు.

స్వప్నమున భిక్షువు చదువుమన్న ఐదవ సంపుటములో ఏమున్నదో తలచుకొనినచో ఈ చర్చకొక చక్కని ఉపసంహారము లభించును. భారతదేశమున పుట్టి చీనా మీదుగ జపాను చేరిన ఆ గ్రంథభాగమున, సాగర నాగరాజు కుమార్తె యైన ఎనిమిదేండ్ల బాలిక కథ యున్నది. స్త్రీ బుద్ధత్వము నందజాలదని శారిపుత్రుడు ఆక్షేపించెను. ఆమె తన మణిని బుద్ధునకు సమర్పించి, క్షణములో పురుషరూపము దాల్చి సంబోధి నందెను. కజుసా బాలిక చదువుచుండిన ప్రణయ కథలో స్త్రీ, పురుషునిచే ప్రేమింపబడి చోటు సంపాదించును. చదువవలసియుండిన పవిత్ర గ్రంథములో స్త్రీ, పురుషుడై చోటు సంపాదించును. స్త్రీగ నుండియే, తన యిచ్ఛతోనే నిలిచిన కథ ఆ రెండు పెట్టెలలోను ఆమెకు దొరకలేదు. సఫైర్ నుండి మికురి వరకు సాగిన చిత్రకథలు వెదకుచున్నది ఆ మూడవ కథనే. అది దొరకిన చోట కాంక్షాపూర్తి దోషము కాదు. దొరకని చోట ఎంత అందమైన చిత్రమైనను రసాభాసమే.